గుర్రం మీంచి పడ్డ మనిషి: 1860లోనే రాసిన జవాబు మన క్యాజువాల్టీ దాకా ఎందుకు రాలేదు?

ఈరోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. రోడ్డు మీద యాక్సిడెంట్ అయిన మనిషిని హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. పోలీసులు వచ్చి కాగితం రాసేదాకా డాక్టర్ ముట్టుకోకూడదు అని మన చట్టంలో ఉందా, లేదా?

పాజ్ చేసి మీ జవాబు కామెంట్‌లో పెట్టేసి రండి. ఈ ప్రశ్న నన్ను ఎవరైనా 2018లో అడిగి ఉంటే, "ఉంది" అని గట్టిగా చెప్పేవాణ్ని. చెప్పడమే కాదు, అలా నమ్మి ఒక పని చేశాను కూడా. ముందు అది చెప్తాను.

అప్పుడు నేను బీటెక్ ఫైనల్ ఇయర్. మా రూమ్మేట్, నేను రెండు బైకుల మీద విజయవాడ హైవేలో వస్తున్నాం. వాడు ముందు, నేను వెనక. రాత్రి ఏడు దాటింది. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీ వాడికి కనబడలేదు. కుడి చెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చీలిపోయింది, రక్తం ఆగట్లేదు. ఆటోలో వేసుకుని దగ్గర్లో కనబడ్డ ఒక చిన్న ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్లాను.

డ్యూటీ డాక్టర్ వచ్చాడు. మా కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇది ఎమ్మెల్సీ కేసు. ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి లెటర్ తీసుకురండి. అది లేకుండా ముట్టుకుంటే నా మీద కేసు అవుతుంది" అన్నాడు.

ఎమ్మెల్సీ అంటే మనకు తెలిసింది శాసనమండలి సభ్యుడు. హాస్పిటల్లో దానికి అర్థం వేరు, మెడికో లీగల్ కేసు అని. ఆ రాత్రి నాకు అదీ తెలియదు. డాక్టర్ చెప్పాడు కదా, చట్టమే అయ్యుంటుంది అనుకున్నాను. చేతికి ఒక గుడ్డ చుట్టి వాణ్ని అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి స్టేషన్‌కి పరిగెత్తాను.

స్టేషన్లో ఒక పెద్దాయన, హెడ్ కానిస్టేబుల్. నా చొక్కా మీద రక్తం చూసి లేచి నిలబడ్డాడు. విషయం విని తిట్టాడు. "మనిషి ముందా, కాయితం ముందా బాబూ? వైద్యం మొదలుపెట్టి వాళ్లే మాకు కబురు చెయ్యాలి. నువ్వు ఇక్కడికి రావడమేంటి?" అన్నాడు. జీపులో నాతోపాటు తనూ వచ్చాడు. ఈ తిరుగుడులో గంట పైనే పోయింది.

మా వాడు బతికాడు. ఇప్పుడు ఒక కంపెనీలో టెస్టర్. కుడి చేతి రెండు వేళ్లలో పట్టు లేదు, టైపింగ్ ఎక్కువగా ఎడమ చేత్తోనే. ఆ గంట వల్లే ఇలా అయిందని ఏ డాక్టరూ నాకు చెప్పలేదు. ఆ గంట వల్ల కాదని కూడా చెప్పలేదు.

ఈ లైన్ ఎవరు రాశారు?

సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్ దొరికితే మేము చేసే మొదటి పని, ఆ లైన్ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని వెనక్కి తవ్వడం. గిట్ బ్లేమ్ అంటాం. ఉద్యోగం మానేసి ఈ ఛానల్ మొదలుపెట్టాక, "పోలీసులు రాకుండా డాక్టర్ ముట్టుకోకూడదు" అనే లైన్ మీద అదే పని చేశాను. వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లాను.

ఎంత వెనక్కి అంటే, కౌటిల్యుడి అర్థశాస్త్రం దాకా. అందులో నగర పాలన గురించిన అధ్యాయంలో వైద్యుడి గురించి ఒక నియమం ఉంది. ఎవరైనా గాయాన్ని దాచిపెట్టి రహస్యంగా వైద్యం చేయించుకుంటే, ఆ సంగతి వైద్యుడు గోపుడికో స్థానికుడికో, అంటే ఆ పేట అధికారులకు చెప్పాలి. చెప్తే వైద్యుడి మీద తప్పు లేదు. చెప్పకపోతే వాడూ తప్పులో భాగస్వామే. ఒకసారి ఆలోచించండి, ఇది ఇవాళ్టి ఎమ్మెల్సీయే కదా! కానీ గమనించాల్సింది ఏంటంటే, అక్కడున్నది "చెప్పు" అని. "వైద్యం చెయ్యకు" అని కాదు.

ఇప్పుడు ఒక్క దూకు దూకి 1860కి వద్దాం. ఇండియన్ పీనల్ కోడ్ ఆ ఏడాది వచ్చింది. మొదటి డ్రాఫ్ట్ 1837లో మెకాలే కమిషన్ తయారు చేసింది. ఈ కోడ్‌లో నాకు బాగా నచ్చిన విషయం, రూల్ చెప్పి వదిలేయరు, కింద చిన్న చిన్న ఉదాహరణలు కూడా ఇస్తారు. మనం కోడ్ కింద టెస్ట్ కేసులు రాసినట్టు.

సెక్షన్ 92 చూడండి. ప్రాణాపాయంలో ఉన్న మనిషి తన ఇష్టం చెప్పగలిగే స్థితిలో లేడు, అతని తరఫున చెప్పేవాళ్లూ ఆ సమయానికి దొరకరు. అప్పుడు అతని మేలు కోసం మంచి ఉద్దేశంతో చేసిన పని నేరం కాదు. దీని కింద మొదటి ఉదాహరణే ఒక డాక్టర్‌ది. ఒకాయన గుర్రం మీంచి పడి స్పృహ తప్పాడు. పుర్రెకు రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించాలని సర్జన్‌కి అర్థమైంది. ఆయనకు స్పృహ వచ్చేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసేశాడు. సర్జన్ చేసింది నేరం కాదు. అంతే.

గుర్రం తీసేసి బైక్ పెట్టండి. మా రూమ్మేట్ కేసు కంటే కష్టమైన కేసుకి జవాబు 1860లోనే రాసి ఉంది. పుర్రె తెరిచినా నేరం కాదన్న చట్టం, చేతికి కట్టు కడితే జైల్లో వేస్తుందా? 2024 జులై 1 నుంచి పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో సెక్షన్ 30గా అదే రూల్ కొనసాగుతోంది.

అంటే నా గిట్ బ్లేమ్ రిజల్ట్ ఏంటంటే, ఆ లైన్ కోడ్‌లోనే లేదు. ఎవరూ రాయలేదు. అయినా దేశమంతా రన్ అవుతోంది.

స్కూటర్ మనిషి, 1989

ఈ లేని లైన్ ఒక ప్రాణం తీసిన సంగతి సుప్రీంకోర్టు రికార్డుల్లో ఉంది. 1980ల చివర్లో స్కూటర్ మీద వెళ్తున్న ఒకాయన్ని కారు గుద్దింది. దారిన పోయే ఒకాయన రక్తం కారుతున్న ఆ మనిషిని దగ్గర్లోని హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్లు చూడలేదు. ఇలాంటి మెడికో లీగల్ కేసులు చూసే అధికారం ఉన్న హాస్పిటల్ వేరే ఉంది, అక్కడికి తీసుకెళ్లమన్నారు. అది సుమారు 20 కిలోమీటర్లు. దారిలోనే ప్రాణం పోయింది.

ఢిల్లీ పేపర్లో ఈ వార్త వచ్చింది. గాయపడ్డవాళ్లు చావడానికి చట్టమే సాయపడుతోంది అన్న అర్థం వచ్చే హెడ్డింగ్ పెట్టారు. పరమానంద్ కటారా అనే మానవ హక్కుల కార్యకర్త ఆ వార్త పట్టుకుని సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1989 ఆగస్టు 28న తీర్పు వచ్చింది.

ఆ కేసులో అసలు ట్విస్ట్ ఇక్కడుంది. కోర్టు ప్రభుత్వాన్ని, మెడికల్ కౌన్సిల్‌ని అడిగింది. చివరికి తేలింది ఏంటంటే, పీనల్ కోడ్‌లో గానీ, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో గానీ, మోటార్ వాహనాల చట్టంలో గానీ పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపమనే రూల్ ఎక్కడా లేదు! హెడ్డింగ్‌లో చట్టాన్ని తిట్టారు గానీ, పాపం చట్టానికి ఆ సంగతే తెలియదు.

ప్రభుత్వ హాస్పిటల్ అయినా ప్రైవేట్ అయినా, ప్రాణం కాపాడడం డాక్టర్ బాధ్యత, దానికి ఏ ఫార్మాలిటీ అడ్డు రాకూడదు, రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 చెప్పే జీవించే హక్కులో ఇదీ భాగమే అని కోర్టు చెప్పింది. డాక్టర్ల వైపు కూడా చూసింది. వైద్యం చేసిన పాపానికి వాళ్లని సాక్షులుగా అనవసరంగా తిప్పి వేధించొద్దని పోలీసులకు, కోర్టులకు కూడా చెప్పింది.

నాకు మరీ ముఖ్యంగా అనిపించింది తీర్పు చివరి భాగం. ఈ తీర్పు కాపీలు ప్రతి మెడికల్ కాలేజీకి పంపమని మెడికల్ కౌన్సిల్‌ని ఆదేశించారు. హైకోర్టుల ద్వారా సెషన్స్ జడ్జిలకు పంపమన్నారు. దూరదర్శన్‌లో, ఆలిండియా రేడియోలో ప్రచారం చెయ్యమన్నారు. ఎందుకు? జబ్బు చట్టంలో లేదు, చట్టం తెలియకపోవడంలో ఉంది అని జడ్జిలకు అర్థమైంది కాబట్టి. మన భాషలో చెప్పాలంటే, దేశంలోని డాక్టర్లందరికీ పుష్ నోటిఫికేషన్ పంపమన్నారు, 1989లో.

నోటిఫికేషన్ డెలివర్ అయిందా?

మూడేళ్లు తిరక్కముందే, 1992 జులైలో, పశ్చిమ బెంగాల్లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడ్డాడు. తలకి పెద్ద గాయం, అచ్చం ఆ గుర్రం మీంచి పడ్డ మనిషి లాగే. ప్రభుత్వ హాస్పిటళ్లు ఒకదాని తర్వాత ఒకటి తిప్పారు. కొన్ని చోట్ల సౌకర్యం లేదన్నారు, కలకత్తాలోని పెద్ద హాస్పిటళ్లలో బెడ్ లేదన్నారు. చివరికి ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేరి సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకుని బతికాడు. కూలీ మనిషికి 1992లో 17,000 అంటే ఎంతో మీరే ఆలోచించండి. ఆయన సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1996లో కోర్టు, సమయానికి వైద్యం ఇవ్వకపోవడం ఆర్టికల్ 21ని ఉల్లంఘించడమే అని చెప్పి 25,000 పరిహారం ఇప్పించింది. డబ్బుల్లేవు, సౌకర్యాల్లేవు అని ప్రభుత్వం తప్పించుకోలేదని కూడా చెప్పింది.

ఈలోగా 1994లో మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 134ని మార్చారు. యాక్సిడెంట్ అయిన మనిషికి ఏ ఫార్మాలిటీ కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యం చెయ్యడం డ్యూటీ డాక్టర్ బాధ్యత అని అందులో చేర్చారు. 2006లో లా కమిషన్ మళ్లీ ఇదే సమస్య మీద తన 201వ రిపోర్ట్ ఇచ్చింది. 2016లో సుప్రీంకోర్టు, 2019లో పార్లమెంటు, బాధితుణ్ని హాస్పిటల్‌కి తెచ్చిన దారిన పోయేవాళ్లకి రక్షణ కల్పించాయి. మధ్యలో 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే 108 మొదలైంది, అంబులెన్స్ ఇంటి ముందుకు రావడం మొదలైంది.

అంటే రూల్‌ని రాశారు, మళ్లీ రాశారు, ఇంకోసారి రాశారు. 2018లో నా ముందు నిలబడ్డ ఆ డ్యూటీ డాక్టర్ దాకా మాత్రం రాలేదు.

భయం లేని చోట

ఇక్కడితో ఆపేస్తే కథ సగమే. చట్టం అక్కర్లేని చోట భయపడే ఇదే వ్యవస్థ, చట్టం గుర్తుండాల్సిన చోట మర్చిపోతుంది. దానికి ఉదాహరణ మన హైదరాబాద్‌దే.

1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ఛాతీలో గడ్డతో నిమ్స్‌లో చేరాడు. గడ్డ ఏంటో తెలుసుకోవడానికి ముక్క తీసి పరీక్ష చెయ్యాలన్నారు, బయాప్సీ. దానికి ఒప్పుకున్నారు. ఆపరేషన్లో గడ్డ మొత్తం తీసేశారు. వెన్నెముక దాకా సమస్య ఉన్నట్టు కనబడుతున్నా, న్యూరోసర్జన్‌ని ఆపరేషన్‌లో కలుపుకోలేదు. ఆ కుర్రాడు లేచేసరికి నడుము కింద చచ్చుబడిపోయింది.

అతను చదువు పూర్తి చేశాడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయ్యాడు. సుప్రీంకోర్టులో వీల్‌చైర్‌లో కూర్చుని తన కేసు తనే వాదించుకున్నాడు. అంత బాధలోనూ అతను ఎవరినీ దూషించకుండా, ఎంతో హుందాగా మాట్లాడాడని జడ్జిలు తీర్పులో ప్రత్యేకంగా రాశారు. 2009 మే 14న కోటి రూపాయల పరిహారం ఇమ్మన్నారు. ఆపరేషన్ జరిగి అప్పటికి 19 ఏళ్లు.

అందులో కోర్టు చెప్పిన ఒక పాయింట్ చాలా సింపుల్. బయాప్సీకి ఇచ్చిన అనుమతి గడ్డ తీసేయడానికి అనుమతి కాదు. 2008లో ఇంకో కేసులోనూ ఇదే చెప్పింది. పరీక్షకి ఒప్పుకుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు, ప్రాణం మీదికి వచ్చి ఆగే వీలు లేకపోతే తప్ప.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రాణం పోతున్నప్పుడు కాగితం అక్కర్లేదు. ప్రాణాపాయం లేనప్పుడు కాగితం, ఆ కాగితం వెనక పూర్తి వివరణ, రెండూ కావాలి. చట్టం చెప్పేది ఇంతే. మన దగ్గర ప్రాక్టీస్‌లో చాలాసార్లు ఉల్టా జరుగుతోంది. ఎమర్జెన్సీలో కాగితం అడుగుతారు. తీరిగ్గా చేసే ఆపరేషన్‌కి మాత్రం చిన్న అక్షరాల ఫారం ముందు పెట్టి "ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు, ఎందుకో చెప్పరు.

చెల్లి మాట

ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ మా పిన్ని కూతురికి చదివి వినిపించాను. తను ఎంబీబీఎస్ అయిపోయి ఒక హాస్పిటల్లో క్యాజువాల్టీ డ్యూటీ చేస్తోంది. చప్పట్లు కొడుతుందనుకున్నాను. సీరియస్ అయింది.

"అన్నయ్యా, ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఈ సెక్షన్లన్నీ మేం చదివాం. పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. క్యాజువాల్టీలో మొదటి రాత్రి మాకు నేర్పింది సెక్షన్లు కాదు, 'ఎందుకొచ్చిన గొడవ, రిఫర్ అని రాసెయ్' అని. మా పైవాళ్లకి వాళ్ల పైవాళ్లు అదే నేర్పారు. నువ్వు డాక్టర్‌కి తెలియదు అంటున్నావు. తెలిసినా, పేషెంట్ చనిపోతే బయట యాభై మంది అద్దాలు పగలగొడుతున్నప్పుడు ఆ సెక్షన్ గుర్తొస్తుందా?"

నిజం చెప్పాలంటే నా దగ్గర వెంటనే జవాబు లేదు. తను చెప్పింది న్యాయమే. అందుకే ఇంకో తీర్పు చూపించాను, 2005 ఆగస్టు నాటి జేకబ్ మాథ్యూ కేసు. లూధియానాలో ఒక పేషెంట్‌కి ఊపిరి అందకపోతే సిలిండర్ పెట్టారు, అది ఖాళీ సిలిండర్. పేషెంట్ చనిపోయాడు. డాక్టర్ మీద క్రిమినల్ కేసు పెట్టారు. సుప్రీంకోర్టు ఆ క్రిమినల్ కేసు కొట్టేస్తూ ఒక గీత గీసింది. ప్రతి పొరపాటూ నేరం కాదు, చాలా తీవ్రమైన నిర్లక్ష్యం అయితేనే క్రిమినల్ కేసు. పోలీసులు ముందు సంబంధం లేని వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి, కేసు పెట్టారు కదా అని మామూలుగా అరెస్ట్ చెయ్యకూడదు. నష్టపరిహారం సంగతి వేరు. 1995లోనే వి.పి. శాంత కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని తేల్చేశారు.

"పైవాళ్లు నీకు ఇది చెప్పారా?" అని అడిగాను. "పేరు విన్నాను. లోపల ఏముందో ఇప్పుడే వింటున్నా" అంది.

చూశారా? తనని కాపాడే తీర్పు లోపల ఏముందో తనకే తెలియదు. చట్టం తెలియకపోతే పేషెంట్‌కి మాత్రమే నష్టం అనుకున్నాను ఇన్నాళ్లూ. తెలియని డాక్టర్‌కి ప్రతి రక్తపు మరకలోనూ జైలే కనబడుతుంది. ఆ భయంతోనే రెండడుగులు వెనక్కి వేస్తాడు. మా రూమ్మేట్ ముందు నిలబడ్డ డాక్టర్ మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది. ఇప్పుడు ఆ కోపంలో సగం, ఆయనకి "రిఫర్ అని రాసెయ్" అని నేర్పిన వాళ్ల మీదకి వెళ్లింది. మిగతా సగం నా మీద. ఎందుకంటే ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా బయటికి పరిగెత్తింది నేనే.

మీరైతే ఏం చేస్తారు?

నేను లాయర్‌ని కాను, డాక్టర్‌నీ కాను. కానీ ఆ రాత్రి నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించే మూడు మాటలు చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. "ఎమ్మెల్సీ కేసు, స్టేషన్‌కి వెళ్లండి" అంటే మీరు కదలొద్దు. గొడవ పడొద్దు, గొంతు పెంచొద్దు. "సార్, మీరు వైద్యం మొదలుపెట్టండి, పోలీసులకు ఇంటిమేషన్ హాస్పిటల్ నుంచే పంపండి" అని చెప్పండి. ఎమ్మెల్సీ రాసుకోవడం, పోలీసులకు కబురు చెయ్యడం హాస్పిటల్ పని.

రెండు. నిజంగానే అక్కడ సౌకర్యం లేకపోవచ్చు, అది తప్పు కాదు. అప్పుడు ముందు చెయ్యగలిగింది చెయ్యమనండి, రక్తం ఆపడం, సెలైన్ పెట్టడం లాంటివి. రిఫర్ చేస్తే కారణం, టైమ్ వేసి రాసిమ్మనండి.

మూడు. మీరు దారిన పోతూ తీసుకొచ్చిన వాళ్లయితే, మీ పేరు, అడ్రస్ చెప్పమని బలవంతం చెయ్యకూడదు. సాయం చేసినందుకు మీ మీద కేసు కాదు.

మా చెల్లి ఆ రాత్రి డ్యూటీకి వెళ్తూ ఆ సెక్షన్ నంబర్లు వాట్సాప్‌లో పంపమంది, పంపాను. మర్నాడు పొద్దున్న ఒక్క మెసేజ్ పెట్టింది: "గుర్రం కథ మా నర్సమ్మలకి చెప్పాను అన్నయ్యా. అది అందరికీ గుర్తుండిపోయింది."

సెక్షన్ నంబర్ మర్చిపోయినా పర్లేదు. గుర్రం మీంచి పడ్డ మనిషిని గుర్తుపెట్టుకోండి. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ చదువుతుంటే వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. హాస్పిటల్ గుమ్మంలో మిమ్మల్ని ఎప్పుడైనా ఇలా తిప్పి పంపారా? ఊరు, హాస్పిటల్ పేర్లు వద్దు, జరిగింది మాత్రం కామెంట్లో రాయండి. వచ్చే వారం కలుద్దాం. రాత్రిపూట బండి మీద వెళ్తుంటే హెల్మెట్ పెట్టుకోండి, నెమ్మదిగా వెళ్లండి. ఉంటాను.